నాడిని పట్టుకున్న ఎర్ర వెలుగు

పల్స్ ఆక్సీమీటర్ చర్మానికి గాటు పెట్టదు, చుక్క నెత్తురు తీయదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌ను మోస్తోందో మాత్రం ఎప్పటికప్పుడు చెబుతుంది. కోవిడ్ రోజుల్లో వేలికి పెట్టుకునే క్లిప్పుగా అది చాలా ఇళ్లలోకి వచ్చింది. అయితే దాని అవసరం అందరికంటే ఎక్కువ ఆపరేషన్ బల్ల మీద మత్తులో ఉన్న పసివాళ్లకు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు. ఊపిరాడటం లేదని వాళ్లు నోరు తెరిచి చెప్పలేరు.

బరువు లెక్కన చూస్తే పసిబిడ్డ పెద్దవాళ్లకు దాదాపు రెండింతల ఆక్సిజన్ వాడుకుంటుంది. ఊపిరితిత్తుల్లో నిల్వ ఉండే గాలేమో చాలా కొద్ది. మత్తులో గొంతు బిగుసుకున్నా, శ్వాసనాళంలోని గొట్టం కొద్దిగా జరిగినా, పెద్దవాళ్లు కాసేపు తట్టుకునే చోట పసిబిడ్డ తట్టుకోలేదు. ఈ యంత్రం రాకముందు మత్తు డాక్టరుకు ఆధారాలు పెదవుల రంగు, గోళ్ల రంగు, కోసిన చోట నెత్తురు రంగు, ఛాతీకి ఆనించిన స్టెతస్కోపు. కంటిని నమ్మడం ఎంత ప్రమాదమో 1947లోనే అమెరికాలో జూలియస్ కామ్రో, స్టెల్లా బొటెల్హో చూపించారు. ఆక్సిజన్ శాతం 80 దగ్గరికి పడిపోయేదాకా చూసేవాళ్లలో చాలామంది నీలిరంగును గుర్తించలేకపోయారు. రక్తహీనత ఉన్న బిడ్డ విషయంలో కన్ను మరీ మోసం చేస్తుంది. నీలం కనబడాలంటే ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ రక్తంలో కొంత మోతాదైనా పోగవ్వాలి. అసలు హిమోగ్లోబినే తక్కువున్న బిడ్డ పాలిపోయి కనిపిస్తుందే తప్ప నీలంగా మారదు.

వెలుగుతో ఆక్సిజన్‌ను కొలవాలన్న ఆలోచన పాతదే. ఆక్సిజన్ నిండిన రక్తం ఎర్రగా, లేనిది నల్లగా ఉంటుంది కాబట్టి చెవితమ్మె గుండా కాంతిని పంపి తేడా పట్టవచ్చు. 1935లో జర్మనీలో కార్ల్ మాథెస్, 1940లలో అమెరికాలో గ్లెన్ మిలికన్ ఆ దారిలోనే నడిచారు. చిక్కల్లా ఒక్కటే. చర్మం, కొవ్వు, సిరల్లోని నెత్తురు కూడా కాంతిని పీల్చుకుంటాయి. ధమనుల్లోని రక్తం వాటా ఎంతో విడదీయాలంటే చెవిని వేడి చేయడం, నొక్కి నెత్తురు లేకుండా చేసి మళ్లీ కొలవడం వంటి తంటాలు పడాల్సి వచ్చేది. పసిపిల్లల చెవికి అవి కుదిరే పనులు కావు.

ముడి విప్పినవాడు జపాన్‌లోని నీగాతాలో 1936లో పుట్టిన ఇంజినీరు తకువో అవొయాగి. టోక్యోలోని నిహోన్ కోహ్డెన్ కంపెనీలో ఆయన వెతుకుతున్నది వేరే సంగతి. గుండె ఎంత రక్తాన్ని తోడుతోందో కొలవడానికి సిరలోకి రంగు ఎక్కించి, అది చెవిలోకి వచ్చి పలచబడే తీరును కాంతితో గమనిస్తున్నాడు. రావలసిన నున్నటి గీత మీద గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక చిన్న అల లేచేది. ఆ అలను చెరిపేయడానికి రెండు రకాల కాంతిని వాడి, ఒకదానితో ఒకటి కొట్టివేసే ఉపాయం పన్నాడు. అల పోయింది. కానీ రక్తంలో ఆక్సిజన్ మారగానే మళ్లీ వచ్చింది. అక్కడే ఆయనకు మర్మం దొరికింది. చర్మం, ఎముక, సిరలు ఏ క్షణాన చూసినా ఒకే తీరుగా ఉంటాయి. నాడితోపాటు ఉబ్బి తగ్గేది ధమని రక్తమొక్కటే. అంటే పారేయాలనుకున్న ఆ అలలోనే ధమని రక్తం కబురుంది. ఎరుపు కాంతిలో అల ఎంత, కంటికి కనబడని పరారుణ కాంతిలో ఎంత అని పోల్చితే ఆక్సిజన్ శాతం తేలుతుంది. విసిగించే అలను చెరిపి ఊరుకోకుండా, అది ఎందుకు తిరిగొచ్చిందని ఆగి అడగడమే ఈ ఆవిష్కరణలో గొప్ప ఘట్టం.

1974 మార్చిలో పేటెంటు దరఖాస్తు పడింది. నెల తిరక్కముందే మినోల్టా కంపెనీ ఇదే ఆలోచనతో మరో దరఖాస్తు పెట్టింది. సప్పోరోలో సర్జన్ సుసుము నకజిమా అవొయాగి తొలి పరికరాన్ని రోగుల మీద పరీక్షించాడు. 1975లో అది అమ్మకానికి వచ్చినా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

1980ల ఆరంభంలో అమెరికాలో బయాక్స్, నెల్‌కోర్ సంస్థలు చిన్న ఎల్‌ఈడీ దీపాలతో దాన్ని వేలికీ పాదానికీ సరిపోయేలా తయారుచేశాయి. నెల్‌కోర్ స్థాపకుల్లో ఒకడైన మత్తు డాక్టరు విలియం న్యూ యంత్రానికి గొంతు కూడా ఇచ్చాడు. ఆక్సిజన్ తగ్గేకొద్దీ నాడి శబ్దం స్థాయి కిందికి దిగుతుంది. బిడ్డ గొంతులో గొట్టం వేస్తూ తల తిప్పలేని డాక్టరు చెవితోనే ప్రమాదాన్ని పసిగట్టగలడు. 1988లో ఛార్లెస్ కోటె బృందం ఆపరేషన్ అవుతున్న 152 మంది పిల్లల్లో సగం మంది అంకెలను డాక్టర్లకు కనబడకుండా ఉంచింది. ఆక్సిజన్ 85 శాతానికో అంతకంటే కిందికో పడి అర నిమిషమైనా అక్కడే ఉండిపోయిన ఘటనలు అంకెలు కనబడినవాళ్లలో 11, కనబడనివాళ్లలో 24. రెండేళ్లలోపు పిల్లల్లోనే అవి ఎక్కువ. 1990 నుంచి అమెరికా మత్తు వైద్యుల సంఘం ప్రమాణాల్లో ఈ యంత్రం తప్పనిసరి అయింది.

నెలలు నిండని బిడ్డ దగ్గర దీని పని ఇంకా సున్నితం. పెద్దల బొటనవేలంత పాదం, దాని చుట్టూ మెత్తటి పట్టీ, పలచని చర్మం గుండా బయటికి కనిపించే ఎర్రటి వెలుగు. పట్టీ బిగిస్తే చర్మం కందుతుంది, వదులైతే అంకె తప్పుతుంది. కొన్ని గంటలకోసారి నర్సు దాన్ని పాదం మార్చి కడుతుంది. ఇక్కడ అంకె తగ్గడమే కాదు, పెరగడమూ కీడే. 1940లు, 50ల్లో ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చిన వేల మంది శిశువులు రెటీనా దెబ్బతిని చూపు కోల్పోయారు. 1951లో మెల్‌బోర్న్ వైద్యురాలు కేట్ క్యాంప్‌బెల్ కారణం ఆక్సిజన్ కావచ్చని చూపింది. దాంతో ఆక్సిజన్ మరీ బిగబట్టారు. ఈసారి ప్రాణాలే పోయాయి. 24 నుంచి 27 వారాలకు పుట్టిన శిశువులపై అమెరికాలో జరిగిన సపోర్ట్ అధ్యయనం 2010లో వెలువడింది. 85-89 శాతం దగ్గర ఉంచిన శిశువుల్లో తీవ్రమైన కంటి జబ్బు 8.6 శాతమే, మరణాలు మాత్రం 19.9. 91-95 శాతం దగ్గర ఉంచితే కంటి జబ్బు 17.9కి పెరిగి, మరణాలు 16.2కి తగ్గాయి. అందుకే ఇప్పుడు చాలా వార్డుల్లో సుమారు 90-95 మధ్య నిలిపి, అలారం రెండు వైపులా పెడతారు. హైదరాబాద్‌లో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు 1990ల చివరి నుంచి శిశు వార్డులకే వెళ్లి ఈ బిడ్డల కళ్లు పరీక్షిస్తున్నారు.

పుట్టుకతో వచ్చే తీవ్రమైన గుండె జబ్బులను పట్టడానికీ ఇదే పరికరం పనికొస్తోంది. కుడిచేతికి వెళ్లే రక్తం గుండె దగ్గరే చీలిపోతుంది, కాలికి వెళ్లేది ఆ తర్వాత. రెండుచోట్లా కొలిచి, శాతం తక్కువున్నా, రెండింటి మధ్య తేడా ఎక్కువున్నా గుండెను పరీక్షించాలి. స్వీడన్‌లో 39,821 మంది శిశువులపై చేసిన పరిశీలన 2009లో దీని విలువను తేల్చింది.

యంత్రానికి లోపాలూ ఉన్నాయి. కాళ్లు చల్లబడినా, బిడ్డ తన్నుకున్నా నాడి అల చెదురుతుంది. చర్మం నల్లగా ఉన్నవాళ్లలో అసలున్న దానికంటే ఎక్కువ చూపించవచ్చు. బొగ్గుపొయ్యి పొగలోని కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ ఉన్నదనే పొరబడుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఆక్సిజన్ పెట్టి ఉన్న బిడ్డకు శ్వాస ఆగినా అంకె కొంతసేపు నిలకడగానే ఉంటుంది. అందుకే ఆపరేషన్ థియేటర్‌లో దాని పక్కన, వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే కాప్నోగ్రాఫ్ కూడా ఉంటుంది. శ్వాస ఆగిన వెంటనే దాని గీత చదునైపోతుంది.