వృద్ధాప్యంలో పెంపుడు కుందేలు: పేగుల స్తబ్ధత, సంరక్షణ, అంతిమ దశ

తెలుగు రాష్ట్రాల్లో కుందేళ్ళ పెంపకంపై లభించే సాంకేతిక సమాచారం ప్రధానంగా మాంసోత్పత్తికి సంబంధించినది. న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా వంటి జాతుల ఎదుగుదల, ఈతలు, దాణా వినియోగ సామర్థ్యం అందులోని ముఖ్యాంశాలు. ఫారంలో కుందేలు కొద్ది నెలలకే మార్కెట్టుకు చేరుతుంది గనుక దాని ముసలితనం గురించి ఆలోచించవలసిన అవసరం కలగదు. ఇంట్లో పెంచుకునే కుందేలు మాత్రం మంచి సంరక్షణలో 8 నుంచి 12 సంవత్సరాలు జీవిస్తుంది. ఐదారేళ్ళు దాటిన కుందేలు మేత మానేసిందంటూ యజమాని వచ్చినప్పుడు, ఫారం కుందేలుకు చెప్పే సలహానే దానికీ చెబితే మేలుకన్నా కీడే ఎక్కువ జరుగుతుంది.

జీర్ణవ్యవస్థ ప్రత్యేకత

కుందేలు గడ్డి తినే జీవి అయినా పశువుల వలె నెమరు వేయదు. మేత పులియడం జీర్ణాశయంలో గాక అంధనాళంలో జరుగుతుంది. జీర్ణనాళం మొత్తం పరిమాణంలో సుమారు 40 శాతం ఈ అంధనాళమే. పెద్దపేగు ఆహారాన్ని రెండుగా వేరు చేస్తుంది. జీర్ణం కాని ముతక పీచు గట్టి పెంటికలుగా బయటికి పోతుంది. సన్నని రేణువులు, ద్రవం వెనుకకు మళ్ళి అంధనాళం చేరి, సూక్ష్మజీవుల చర్యకు లోనవుతాయి. ఆ తరువాత మెత్తని, జిగురుగల పెంటికలుగా విసర్జింపబడతాయి. కుందేలు వీటిని మలద్వారం వద్ద నుంచే నోటితో తీసుకుని మింగి, వాటిలోని మాంసకృత్తులను, బి విటమిన్లను వినియోగించుకుంటుంది.

ఈ యంత్రాంగమంతా ముతక పీచుపై ఆధారపడి నడుస్తుంది. పీచు తగ్గితే పేగుల కదలిక మందగిస్తుంది. కదలిక మందగిస్తే నీరు ఇంకిపోయి జీర్ణాశయంలోని పదార్థం గట్టిపడుతుంది, అంధనాళంలో సూక్ష్మజీవుల సమతుల్యం చెడుతుంది, వాయువు చేరుతుంది. ఉబ్బరం వల్ల కలిగే నొప్పితో కుందేలు మేత ముట్టదు, మేత లేక పేగులు మరింత నిశ్చలమవుతాయి. కుందేలు వాంతి చేసుకోలేదు గనుక తిన్నది వెనుకకు వచ్చే మార్గం కూడా లేదు. ఈ విషవలయాన్నే పేగుల స్తబ్ధత అంటారు. జీర్ణాశయంలో కనిపించే వెంట్రుకల ఉండను వ్యాధికి మూలమని భావించడం పరిపాటి. కుందేలు ఒళ్ళు నాకుకునే అలవాటు వల్ల ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా జీర్ణాశయంలో కొన్ని వెంట్రుకలు ఉంటాయి. అవి ఉండగట్టడం సాధారణంగా స్తబ్ధతకు ఫలితమే తప్ప కారణం కాదు.

ముసలి కుందేలుకే ఎందుకు ఎక్కువ?

పేగుల స్తబ్ధత తరచుగా మరొక బాధకు బయటి గుర్తు. కుందేలుకున్న 28 పళ్ళూ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అరుగుదల సరిగా లేకపోతే దవడ పళ్ళపై మొనలు ఏర్పడి నాలుకను, బుగ్గలను గాయపరుస్తాయి. వెన్నెముక, కీళ్ళ నొప్పులున్న కుందేలు వంగి మెత్తని పెంటికలను అందుకోలేదు. అవి వెనుక భాగానికి అంటుకుంటాయి, ఈగలు వాలి గుడ్లు పెడతాయి, చర్మానికి పురుగు పడుతుంది. మూత్రపిండాల జబ్బు, గర్భసంచి తీయని ఆడ కుందేళ్ళలో గర్భాశయ క్యాన్సరు కూడా వయసుతో పెరిగే సమస్యలే. వేసవిలో 30 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి, నీటి కొరత, స్థలమార్పు, జత కుందేలు మరణం వంటి ఒత్తిళ్ళు ఈ స్థితిని ప్రేరేపిస్తాయి.

గుర్తించడం

కుందేలు వేటజంతువులకు ఆహారమయ్యే జీవి. బలహీనతను దాచుకోవడం దాని స్వభావం. అందువల్ల తొలి లక్షణాలు చాలా స్వల్పంగా ఉంటాయి. పెంటికలు చిన్నవై, తక్కువై, వెంట్రుకలతో గొలుసుగా రావడం, ఇష్టమైన ఆకును కూడా వాసన చూసి వదిలివేయడం, ముడుచుకుని కూర్చోవడం, పళ్ళు గట్టిగా నూరడం, పొట్టను నేలకు అదమడం గమనించదగినవి. మేత గాని పెంటికలు గాని 12 గంటలపాటు లేకపోతే దానిని అత్యవసర పరిస్థితిగా పరిగణించాలి. ఉపవాసం కొనసాగితే, ముఖ్యంగా స్థూలకాయం గల కుందేళ్ళలో, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణాపాయం కలుగుతుంది.

సాధారణ శరీర ఉష్ణోగ్రత 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్. అది 38 కంటే తగ్గడం ప్రమాద సూచన. పొట్ట హఠాత్తుగా బిగుసుకుని, కుందేలు కొద్ది గంటల్లోనే కుప్పకూలితే అది స్తబ్ధత కాక పేగు అడ్డంకి కావచ్చు. ఎక్స్‌రే, రక్తంలో గ్లూకోజు పరీక్ష ఈ రెంటినీ వేరుచేయడానికి తోడ్పడతాయి. ఈ భేదం కీలకమైనది. స్తబ్ధతలో ప్రాణం నిలిపే బలవంతపు మేత, పేగుల కదలికను పెంచే మందులు అడ్డంకి ఉన్నప్పుడు ప్రాణం తీయగలవు.

చికిత్స

మొదటి స్థానం నొప్పి నివారణది. పశువైద్యుడు బ్యూప్రెనార్ఫిన్, మెలాక్సికామ్ వంటి మందులను నిర్ణయిస్తారు. మూత్రపిండాలు దెబ్బతిన్న, నీరు కోల్పోయిన కుందేలులో మెలాక్సికామ్‌ను జాగ్రత్తగా వాడవలసి ఉంటుంది. శరీర అవసరానికి రోజుకు కిలో బరువుకు సుమారు 100 మిల్లీలీటర్ల ద్రవం కావాలి. దీనికి శరీరం కోల్పోయిన నీటిని కూడా కలిపి, గోరువెచ్చని సెలైన్ రూపంలో ఇస్తారు. శరీరం చల్లబడిన కుందేలుకు ముందు వెచ్చదనం కల్పించాలి.

అడ్డంకి లేదని నిర్ధారణ అయిన తరువాత, పీచు అధికంగా ఉన్న మెత్తని మేతను సిరంజితో నోటి పక్క నుంచి, ఒక్కో దఫా కిలో బరువుకు 10–15 మిల్లీలీటర్ల చొప్పున, రోజుకు నాలుగైదు సార్లు కొద్దికొద్దిగా పట్టించాలి. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే మేత ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోటి ద్వారా అమాక్సిసిల్లిన్, ఆంపిసిల్లిన్, లింకోమైసిన్, క్లిండమైసిన్ ఇవ్వరాదు. ఇవి అంధనాళంలోని మేలుచేసే సూక్ష్మజీవులను నశింపజేసి ప్రాణాంతకమైన విరేచనాలకు దారితీస్తాయి. మందుల దుకాణంలో దొరికిన బిళ్ళను ఇంట్లో వేసే అలవాటును విస్తరణ సిబ్బంది ప్రత్యేకంగా నివారించాలి.

దైనందిన సంరక్షణ

మేతలో 80 శాతం లేదా అంతకన్నా ఎక్కువ భాగం నాణ్యమైన ఎండుగడ్డి ఉండాలి. ఎండబెట్టిన గరిక, గినీగడ్డి ఇందుకు పనికివస్తాయి. వరిగడ్డిలో పోషకాలు తక్కువ గనుక అది పడకకే అనువైనది. లూసర్న్‌లో కాల్షియం అధికం. పెద్ద కుందేళ్ళలో అది మూత్రాశయంలో ఇసుకలా పేరుకుంటుంది. ఫారంలో వాడే గుళికల దాణాను బాగా తగ్గించాలి. అయితే బరువు తగ్గిపోతున్న ముసలి కుందేలు విషయంలో వైద్యుని సలహాతో పెంచవచ్చు. వారానికొకసారి తూకం వేసి రాసుకోవడం ఉత్తమం. పది శాతం తగ్గుదల తీవ్రమైన హెచ్చరిక. జారని నేల, తక్కువ అంచు గల మలమూత్ర పళ్ళెం, తల వంచితే అందే నీటి గిన్నె, రోజూ వెనుక భాగం పరిశీలన, వేసవిలో నీడ, గాలి ఎంతో మేలు చేస్తాయి.

అంతిమ దశ

స్తబ్ధత పదేపదే వస్తూ, మూలవ్యాధి నయం కానప్పుడు చికిత్స లక్ష్యం మారుతుంది. తనంత తాను తినడం, నొప్పి లేకుండా కదలడం, ఒళ్ళు శుభ్రపరచుకోవడం, మనిషిని చూసి స్పందించడం అనే నాలుగు అంశాలను యజమాని రోజూ నమోదు చేస్తే నిర్ణయం ఊహపై గాక ఆధారంపై నిలుస్తుంది. చెడ్డ రోజులు మంచి రోజులను మించినప్పుడు కారుణ్య మరణం గురించి వైద్యుడు మాట్లాడడం సముచితం. ముందు మత్తు ఇచ్చి, స్పృహ తప్పిన తరువాతే ప్రాణాంతక మోతాదులో పెంటోబార్బిటోన్ వంటి మందు ఇస్తారు. అలా మరణించిన దేహాన్ని కుక్కలు, రాబందులు తింటే వాటికీ విషమవుతుంది గనుక నీటి వనరులకు దూరంగా, లోతుగా పూడ్చాలి లేదా దహనం చేయాలి.

జత కుందేలు ఉంటే, అంటువ్యాధి లేని పక్షంలో, దేహాన్ని కొంతసేపు దాని వద్ద ఉంచడం మంచిది. తోడును వెదకుతూ తిరగడం, మేత తగ్గించడం, ఒక మూల ఉండిపోవడం జత పోయిన కుందేళ్ళలో కనిపిస్తాయి. అదే మరొక స్తబ్ధతకు నాంది కాగలదు. కనీసం రెండు రోజులు దాని మేతను, పెంటికలను లెక్కించాలి. కొత్త తోడును తొందరపడి తేకూడదు.

యజమానిని వేధించే ప్రశ్న ఒకటి ఉంటుంది: ముందే ఎందుకు గుర్తించలేకపోయామని. బాధను దాచుకోవడం కుందేలు స్వభావమని, లక్షణాలు బయటపడేసరికి వ్యాధి ముదిరి ఉండవచ్చని శాస్త్రీయంగా వివరించడం ఓదార్పుకు మించిన సేవ. "కుందేలే కదా, మరొకటి తెచ్చుకోండి" అన్న మాట ఆ కుటుంబాన్ని, ముఖ్యంగా పిల్లలను నొప్పించడమే గాక, మరుసటి సారి వారు వైద్యుని వద్దకు రాకుండా చేస్తుంది. పశువైద్య విద్యార్థులు రోగనిర్ధారణతో పాటు ఈ సంభాషణను కూడా అభ్యసించవలసి ఉంది.