కిండర్‌డైక్ గాలిమరలు: సందర్శన, ఛాయాచిత్రణ

నెదర్లాండ్స్ గాలిమర అనగానే చాలామందికి క్యాలెండరు బొమ్మ గుర్తుకు వస్తుంది. వారసత్వ కట్టడాలను అధ్యయనం చేసే విద్యార్థి దానిని ముందుగా ఒక యంత్రంగా చూడాలి. అది చేసే పని తెలియకుండా తీసిన ఫొటోలో అందం ఉండవచ్చు గాని, సమాచారం ఉండదు.

రాటర్‌డామ్‌కు తూర్పున సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, లెక్, నూర్ద్ నదులు కలిసేచోట కిండర్‌డైక్ ఉంది. ఇక్కడి 19 గాలిమరలు 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. వీటిలో ఎక్కువ భాగం 1738-1740 ప్రాంతంలో కట్టినవే. వీటిలో ఒక వరుస ఇటుకతో గుండ్రంగా కట్టినది. దానికి ఎదురుగా ఉన్న వరుస ఎనిమిది మూలలతో, రెల్లు కప్పుతో ఉంటుంది.

ఇవి పిండి మరలు కావు, నీటిని ఎత్తిపోసే మరలు. ఇక్కడి పొలాలు నది మట్టానికి దిగువన ఉన్నాయి. వాటిలో చేరిన నీరు కాలువల గుండా దిగువ జలాశయానికి వస్తుంది. రెక్కల కదలిక ఇరుసులు, పళ్ళ చక్రాల ద్వారా పలకలు బిగించిన పెద్ద చక్రానికి చేరి, ఆ నీటిని ఎగువ జలాశయంలోకి ఎత్తిస్తుంది. నదిలో నీరు తగ్గినప్పుడు తూములు తెరిచి అక్కడి నుంచి వదిలేవారు. తరువాత ఆవిరి పంపులు వచ్చినా, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇంధనం కరువైనప్పుడు ఈ మరలనే మళ్ళీ తిప్పవలసి వచ్చింది.

ఇక కెమెరా సంగతి. గాలిమర ముఖం ఎటు ఉండాలో నిర్ణయించేది గాలి. రెక్కలతో సహా పైకప్పును గాలికి ఎదురుగా తిప్పుతారు. నైరుతి గాలి వీచే రోజున రెక్కల మీద వెలుగు మధ్యాహ్నం తరువాతే పడుతుంది. ఉదయం వెళ్ళినవారికి నీడే దొరుకుతుంది. పైకప్పును తిప్పే పొడవాటి దూలాలు వెనుకవైపు ఉంటాయి. అందరూ ముందువైపే ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. నా దృష్టిలో అసలు పాఠం వెనుకే ఉంది. షట్టరు వేగం 1/500 సెకను పెడితే తిరిగే రెక్కలు ఆగినట్లు కనిపిస్తాయి. కదలిక తెలియాలంటే కెమెరాను స్టాండు మీద పెట్టి 1/30 సెకనుకో, అంతకన్నా తక్కువ వేగానికో రావాలి.

ఆగి ఉన్న రెక్కలకూ అర్థం ఉంది. ముందు నుంచి చూస్తే ఇవి గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతాయి. పై రెక్కను నిట్టనిలువుకు కాస్త ముందు, అంటే మనకు కుడివైపున, ఆపితే ఆ ఇంట శుభకార్యం. దాటించి ఎడమవైపున ఆపితే విషాదం. కాబట్టి ఫొటోను కుడి ఎడమలు తారుమారుగా ముద్రిస్తే పెళ్ళి కబురు కాస్తా చావు కబురవుతుంది!

చాలా మరలలో నేటికీ కుటుంబాలు కాపురముంటున్నాయి. సందర్శకులకు తెరిచిన మరలలోకి మాత్రమే వెళ్ళాలి. రెక్కలు దాదాపు నేలను తాకేంత కిందికి దిగుతాయి కనుక కంచె దాటరాదు. వీలైతే మే నెల రెండవ వారాంతంలో వెళ్ళండి. అవి జాతీయ గాలిమరల దినాలు. దేశమంతటా వందల మరలు ఆ రెండు రోజులూ తిరుగుతూ కనిపిస్తాయి.