ప్రయాణముల పట్టికలో ఒక సంవత్సరము



సంఖ్యాకాండము 33వ అధ్యాయమును కుటుంబ ప్రార్థనలో చదివే ఇండ్లు తక్కువ. అందులో కథ లేదు, బోధ లేదు, పాట లేదు. రామెసేసు మొదలుకొని మోయాబు మైదానముల వరకు ఇశ్రాయేలీయులు ఎక్కడెక్కడ బయలుదేరి ఎక్కడెక్కడ దిగారో ఆ పేర్లు మాత్రమే వరుసగా ఉంటాయి. చదివే వంతు పిల్లలకు వస్తే పేర్లు పలుకలేక నవ్వుతారు. పెద్దలకు వస్తే "రేపు చూద్దాములే" అని కీర్తనల గ్రంథము తిప్పుతారు.

అయితే ఆ పట్టికను మోషే ఊరక వ్రాయలేదు. యెహోవా సెలవియ్యగా వ్రాసెనని అక్కడనే ఉన్నది. కాస్త నిదానించి చదివితే వింతలు కనబడతాయి. సీనాయి అరణ్యమునకు ఒక్క మాటతో సరి. బంగారు దూడ ఊసే లేదు. ఏలీములో మాత్రము 12 నీటి బుగ్గలు, 70 ఈత చెట్లు ఉన్నట్లు లెక్కపెట్టి వ్రాసాడు. రెఫీదీములో త్రాగుటకు నీళ్ళు లేవని వ్రాసాడు. హోరు కొండ దగ్గరకు వచ్చేసరికి కలము ఆగింది. తన అన్న అహరోను అక్కడ చనిపోయాడని, అది నలువదియవ సంవత్సరము అయిదవ నెల మొదటి దినమని, అప్పటికి ఆయనకు 123 ఏండ్లని వ్రాసాడు. అంత పొడుగు పట్టికలో వయస్సు వ్రాయబడినది ఆ ఒక్కనికే. తరువాత మరల ఊళ్ళ పేర్లు.

ఏటి చివర ప్రతి ఇంటిలోను ఇటువంటి పట్టిక ఒకటి ఉండాలని నా అభిప్రాయము. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో సాక్ష్యము చెప్పమంటే మన సంఘములలో అనేకులు "దేవుడు ఈ సంవత్సరమంతా కాపాడాడు" అని ఒక్క ముక్కతో కూర్చుంటారు. అది నిజమే. ఎక్కడ కాపాడాడు, ఏ దారిలో, ఎవరు మనతో ఉండగా? అది చెప్పుటకు జ్ఞాపకము చాలదు, కాగితము కావాలి. మా నాన్నగారు 31 సంవత్సరములు మిషను ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులుగా పని చేసారు. హాజరు పట్టీ వ్రాసిన అలవాటు చొప్పున ఇంటికి కూడ ఒక పొడుగు నోటు పుస్తకము పెట్టారు. పెండ్లిండ్లు, బాప్తిస్మములు, ప్రయాణములు, వాటి ఖర్చులు అన్నీ అందులోనే. 2024 సంవత్సరమునకు అందులో ఏడు పుటలు పట్టాయి. అంతకు ముందు ఏ సంవత్సరమునకు రెండు దాటలేదు.

కారణము నాన్నగారి కళ్ళు. ఆయనకు అప్పుడు 77 ఏండ్లు. ప్రక్కన పెట్టిన మంచినీళ్ళ గ్లాసు చెయ్యి తగిలి దొర్లిపోయేది. ద్వారబంధమునకు భుజము కొట్టుకొనేవారు. ఎదురుగా నిలువబడిన మనిషిని మాత్రము గుర్తు పట్టేవారు. అందుచేత వయస్సు వల్ల వచ్చిన తడబాటని అందరము అనుకొన్నాము. దగ్గర పట్టణములో చూపిస్తే కళ్ళజోడు మార్చి పంపారు. రెండవ చోట చూపిస్తే నీటికాసులని తేలింది.

ఈ జబ్బును గూర్చి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే పల్లెలలో దీనిని శుక్లములని పొరబడుతారు. శుక్లము ముదిరితే ఆపరేషను చేసి చూపు తెప్పించవచ్చును. నీటికాసుల వలన పోయిన చూపు తిరిగి రాదు. సాధారణముగా నొప్పి ఉండదు. చాలామందికి అంచుల నుండి మొదలై చూపు లోపలికి ముడుచుకొని వస్తుంది. కంటి లోపలి ఒత్తిడిని చుక్కల మందుతోనో, అవసరమైతే ఆపరేషనుతోనో తగ్గించి మిగిలిన చూపును కాపాడుకొనుట ఒక్కటే మార్గము. తలిదండ్రులకు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశము ఎక్కువ. గనుక నలుబది దాటిన నేనును పరీక్ష చేయించుకొన్నాను. మీ ఇంటిలో ఎవరికైనా ఉంటే మీరును చేయించుకొనండి.

వేలూరు తీసికొని వెళ్ళమని సంఘ పెద్దలు సలహా ఇచ్చారు. నాన్నగారు ససేమిరా అన్నారు. మా అమ్మాయి ఆ మార్చిలో ఇంటర్మీడియట్ పరీక్షలు వ్రాసి నర్సింగు చదువుతానన్నది. అబ్బాయి పదవ తరగతి. మట్టల ఆదివారము, అంటే మార్చి 24న, వాడు కన్ఫర్మేషను పొంది మొదటిసారి ప్రభు బల్లకు వచ్చాడు. తాతయ్య వాని చెయ్యి పట్టుకొనే వచ్చారు, ఎవరు ఎవరిని నడిపించారో చెప్పలేను. ఆ మధ్యాహ్నము భోజనము దగ్గర ఈ మాట వచ్చింది. "డెబ్బయి ఏడేళ్ళు ఈ కళ్ళ చేత పని చేయించుకొన్నాను, చాలు నాయనా. ఉన్న డబ్బు పిల్ల ఫీజుకు ఉంచు" అన్నారు. నేను జవాబు వెదుకుతూ ఉండగా నా సహధర్మచారిణి అందుకొని, "మామయ్యా, అది తెల్లబట్టలు వేసుకొని వస్తే మీరు చూడవద్దా? ముందు కళ్ళు ఉండనివ్వండి, ఫీజు సంగతి దేవుడు చూస్తాడు" అన్నది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఒక షరతు పెట్టారు. దారిలో ఒంగోలు దిగాలి. కొండ, గుండ్లకమ్మ, రెండూ చూపించాలి. 31 ఏండ్లు పిల్లలకు ఆ కథలు చెప్పారు గాని రైలు కిటికీలో నుండి తప్ప ఒంగోలును ఎన్నడు చూడలేదు.

మే నెలలో ఎన్నికల హడావుడి తగ్గిన తరువాత బయలుదేరాము. పులిహోర, చపాతీలు, ఒక చెంబు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము. తెల్లవారకముందే ఒంగోలులో దిగి, ఎండ ముదరకముందే ప్రార్థన కొండ ఎక్కాము. 1854 జనవరి 1న వేకువ జామున లైమన్ జూవెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తము అయిదుగురు, అక్కడ మోకరించారు. ఫలము లేదని ఆ మిషనును మూసివేయవలెనని అమెరికాలో చర్చ జరుగుతున్న రోజులవి. నాన్నగారు మెట్టు మెట్టుకు ఆగి ఈ సంగతులు చెబుతూ ఎక్కారు. మా అబ్బాయి ముందు పరుగెత్తి వెనుకకు వచ్చి ఆయన భుజము క్రింద చెయ్యి వేసాడు.

అక్కడ నుండి ఆటోలో వెల్లంపల్లి. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన స్థలము. మన పిల్లలకు ఈ అంకె ఎక్కడో విన్నట్లుంటుంది, కాని దాని వెనుక ఉన్నది తెలియదు. 1876 నుండి 1878 వరకు గొప్ప కరువు. జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడు మైళ్ళ పని కంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించారు. ఆ పని సాగినంత కాలము బాప్తిస్మములు ఆపివేసారు. బియ్యము కొరకు వచ్చారనే మాట రాకూడదని ఆయన తలంపు. కరువు తీరిన తరువాత ప్రజలు ఇక ఆగలేదు. ఆ దినమున ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కొక్క పర్యాయము ఇద్దరిద్దరుగా నీటిలో నిలిచి బాప్తిస్మములిచ్చారు. దొరగారు తాము నీటిలో దిగలేదు. ఈ చివరి సంగతి నాకు మిక్కిలి ఇష్టము.

మేము వెళ్ళినప్పుడు నది సన్నని పాయగా ఉన్నది. నాన్నగారు చెప్పులు విడిచి నీటిలో నిలువబడి, "ఎంత వెడల్పు ఉన్నదిరా?" అని అడిగారు. రెండు ఒడ్డులు ఒక్కసారిగా ఆయన చూపులో పట్టలేదు. అమ్మాయి ఆయనను మెల్లగా ప్రక్కకు త్రిప్పి ముందు ఈ ఒడ్డు, తరువాత ఆ ఒడ్డు చూపించింది. అది అమ్మాయి చేసిన మొదటి నర్సు పని అని వాళ్ళమ్మ అన్నది.

గూడూరు, తిరుపతి, చిత్తూరు మీదుగా కాట్పాడి చేరాము. వేలూరులో నాలుగు రోజులు. లాడ్జీలో, ఆసుపత్రి వరుసలలో, కాఫీ కొట్టు దగ్గర ఎక్కడ చూచినా తెలుగు మాట వినబడింది. 1900లో ఐడా స్కడ్డర్ దొరసానిగారు ఒక్క మంచముతో ఆరంభించిన పని అది. 1902లో షెల్ ఆసుపత్రి కట్టారు. 1909లో నర్సుల శిక్షణ, 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల మొదలయ్యాయి. అమ్మాయి ఈ తేదీలను పుస్తకములో వ్రాసుకొన్నది. నాన్నగారికి కుడి కన్ను చాలా వరకు పోయినదని, ఎడమ కంటిలో నడిమి చూపు మిగిలి ఉన్నదని వైద్యులు చెప్పారు. రెండు రకముల చుక్కలు, జీవితాంతము, ఒక్క పూట తప్పకూడదు. ఆయన అంతా విని, "నడిమి చూపు అంటే చదువుకొనవచ్చునా?" అని అడిగారు. పెద్ద అక్షరములు చదువవచ్చునన్నారు. లాడ్జీకి వచ్చేవరకు ఆయన ముఖము వెలుగుతూనే ఉన్నది.

జూలై 18న మా మేనత్త ప్రభువునందు నిద్రించింది. 81 ఏండ్లు. నాన్నగారిని ఎత్తుకొని పెంచిన అక్క. పుస్తకములో ఆ పుటలో ఊరి పేరు, దినము, ఆమె వయస్సు తప్ప మరేమీ లేవు.

సెప్టెంబరులో డోర్నకల్ వెళ్ళాలని అనుకొన్నాము. బిషప్ అజరయ్యగారు పుట్టి 2024కు 150 సంవత్సరములు గనుక ఆ ఏట చూడాలని నాన్నగారి కోరిక. టిక్కెట్లు కూడ తీసికొన్నాము. ఆగస్టు 31న పట్టిన వాన విడువలేదు. సెప్టెంబరు 1న కేసముద్రము, ఇంటికన్నె మధ్య పట్టాల క్రింది మట్టి కొట్టుకొనిపోయి రైళ్ళు ఆగాయి. మరునాడు ప్రకాశము బ్యారేజి దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. అంతకు ముందెన్నడు అంత నీరు అక్కడ నమోదు కాలేదు. మా పాస్టరేటులోని లంక గ్రామములు మునిగాయి. పడవలలో వచ్చినవారికి దేవాలయమే ఇల్లయింది. తొమ్మిది రోజులు ఆవరణలో పొయ్యి ఆరలేదు. అరటి తోటలు పడిపోయాయి, పసుపు, కంద నేలలోనే కుళ్ళాయి. కౌలుకు తీసికొన్నవారి కష్టము వేరే చెప్పనక్కరలేదు. అప్పులు వారివి, పొలము మాత్రము వారిది కాదు.

రెండవ రోజున నాన్నగారు డోర్నకల్ కొరకు దాచిన 6,000 రూపాయల కవరు నా చేతిలో పెట్టి, "ఇది పాలకు" అన్నారు. పసిపిల్లలు పదకొండు మంది ఉన్నారు. సాయంత్రములు బడి పిల్లలను వరండాలో కూర్చుండబెట్టుకొని క్లౌ దొరగారి కరువు కాలువ కథ చెప్పేవారు. ఈసారి ఆయనకు గుండ్లకమ్మ వెడల్పు తెలుసు. ఒక పిల్లవాడు, "మరి మన నీళ్ళు తీయడానికి కాలువ తవ్వుతారా తాతయ్యా?" అని అడిగితే ఆయన నవ్వలేదు, ఆలోచించారు.

డోర్నకల్ నవంబరులో చూచాము. ఖర్చు ఎట్లు కూడినదని అడుగవద్దు, లంకల నుండి వచ్చిన ఒక తల్లి కూడ యాభై రూపాయలు తెచ్చి ఇచ్చింది. తీసికొనక తప్పలేదు. అజరయ్యగారు తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందారు, ఆంగ్లికన్ సంఘములో భారతీయులలో ఆయనే మొదటివారు. ఆయన కట్టించిన ఎపిఫనీ కథీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడింది. గుమ్మటములు, స్తంభములు చూస్తే మన దేశపు గుడి, మసీదు పోకడలు కనబడతాయి. అది ఇంగ్లాండు నుండి దించిన గుడివలె ఉండకూడదని ఆయన పట్టుదల. మా అబ్బాయి ఒక్కటే అడిగాడు: "తమిళాయన తెలుగు నేర్చుకొని ఇక్కడే చనిపోయాడా?" అవును, 1945 జనవరి 1న. వాడు సమాధి దగ్గర చాలాసేపు నిలువబడ్డాడు. ఏమి తలంచాడో నేను అడుగలేదు.

అమ్మాయికి ఆ నెలలోనే మా జిల్లాలోని ఒక కళాశాలలో నర్సింగు సీటు వచ్చింది. వేలూరులో కాదు, దానికి ఆమె ఒక రాత్రి ఏడ్చింది. హాస్టలుకు పెట్టె సర్దుతుండగా తాతయ్య తన గడియారము ఇచ్చారు. నాడి చూచుటకు సెకండ్ల ముల్లు కావాలట.

డిసెంబరు 14, రెండవ శనివారము, అందరము మెదక్ వెళ్ళాము. పండుగ నాడు నేను నా సంఘమును విడిచి రాలేను గనుక ముందే. 1914లో ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కరువులో పని కల్పిస్తూ మొదలుపెట్టిన కట్టడము, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ. గోపురము 175 అడుగులు. లోపల రంగు అద్దములలో ప్రభువు పుట్టుక, సిలువ, ఆరోహణము. అద్దములకు రంగు తెచ్చేది బయటి వెలుగే, అందుచేత చీకటి పడకముందు చూడాలి. జనము ఫోనులు ఎత్తి ఫొటోలు తీసికొని రెండు నిమిషములలో సాగిపోతున్నారు. నాన్నగారికి కిటికీ అంతా ఒకేసారి కనబడదు. అందుచేత తల మెల్లగా కదుపుతూ ఒక ముఖము, ఒక చెయ్యి, ఒక నీలి మడత, ఒక్కొక్కటి చూచారు. మూడు కిటికీలకు గంట పట్టింది. మేమెవ్వరము ఆయనను తొందరపెట్టలేదు. ఆయన చూచిన దానిలో సగమైనా మేము చూచామని చెప్పలేను.

డిసెంబరు 31 సాయంత్రము ఆయన చెప్పగా మా అబ్బాయి ఏడవ పుట వ్రాసాడు. పెద్ద అక్షరములతో వ్రాయమన్నారు, తాను తిరిగి చదువుకొనుటకు. ఒంగోలుకు నాలుగు పంక్తులు, వేలూరుకు రెండు, లంకలకు తొమ్మిది. పుట త్రిప్పి 2025 అని పైన వేసి, ఊరి పేరు ఏమి వ్రాయాలని వాడు అడిగాడు. ఊరు తరువాత చూద్దాము, ముందు చుక్కల వేళలు వ్రాయమన్నారు. ఉదయము 6, రాత్రి 9.