దేవుని బొమ్మా, ఇంటివాళ్ల బొమ్మా?

బాన్సువాడలో ఒక ఆదివారం కౌన్సెలింగ్ తరగతిలో పాఠంలోని చిత్రాన్ని చూపిస్తూ ఒక విద్యార్థిని, “సార్, ఇది దేవుని బొమ్మా, ఇంటివాళ్ల బొమ్మా?” అని అడిగింది. ఆ రోజు నేను చెప్పిన జవాబు చాలా పొడిగా ఉంది. మీకు కొంత వివరంగా చెబుతాను.

సుమారు 1800కు ముందు పనిచేసిన యూరప్ చిత్రకారులలో పేరెన్నికగన్నవారిని ‘ఓల్డ్ మాస్టర్లు’ అంటారు. వీరి చిత్రాల్లో దైవానికీ కుటుంబానికీ మధ్య గీత మనం అనుకున్నంత గట్టిగా ఉండదు.

హాన్స్ హోల్బైన్ (చిన్నవాడు) 1526లో గీసిన ‘డార్మ్‌స్టాట్ మడోన్నా’ను గమనించండి. మధ్యలో బాలయేసును ఎత్తుకొని మరియ నిలబడి ఉంది. ఒక పక్కన మోకరిల్లినవాడు బాసెల్ మాజీ నగరాధ్యక్షుడు యాకోబ్ మైయర్. చిత్రాన్ని గీయించుకున్నది ఆయనే. మరో పక్క ఆయన ఇద్దరు భార్యలు, కూతురు. మొదటి భార్య అప్పటికి చనిపోయి పదిహేనేళ్లు. అయినా బతికున్నవారి వరుసలోనే, మరియకు దగ్గరగా ఆమెకు చోటు దక్కింది. మన ఇళ్లలో దేవుని పటాల పక్కనే పోయినవారి ఫొటోకు దండ వేసి ఉంచుతాం కదా, ఆ మనసే ఇక్కడా కనిపిస్తుంది. కొన్నాళ్లకు హోల్బైన్ ఇదే చిత్రాన్ని సవరించాడు. మొదట విరబోసినట్టు వేసిన కూతురి జుట్టును ముడిచినట్టు మార్చాడు. పెళ్లి కుదిరిన పిల్లకు తగినట్టు చేసిన మార్పని పండితులు చెబుతారు. ఇంట్లో శుభకార్యం వస్తే మొక్కుబడి చిత్రాన్నీ దిద్దించుకున్నారన్నమాట! 1529లో బాసెల్ చర్చిల్లోని బొమ్మలను మతసంస్కరణవాదులు ధ్వంసం చేశారు. మైయర్ మాత్రం పాత కాథలిక్ విశ్వాసాన్ని వదల్లేదు. కాబట్టి ఈ చిత్రం కుటుంబ జ్ఞాపకం మాత్రమే కాదు, ఆయన ఏ పక్షమో చెప్పే సాక్ష్యం కూడా.

హోల్బైన్ కుటుంబాన్ని దైవసన్నిధికి తీసుకెళితే, రెంబ్రాంట్ దైవాన్నే ఇంట్లోకి తెచ్చాడు. కాల్విన్ మార్గంలో నడిచిన డచ్చి చర్చిల్లో చిత్రాలు పెట్టరు. అందుకే అక్కడ మతచిత్రానికి ఇల్లే ప్రధానమైన చోటు అయింది. 1645 నాటి ‘పవిత్ర కుటుంబం’లో మరియ చదువుతున్న పుస్తకం ఆపి, ఊయల మీది గుడ్డ తీసి బిడ్డను చూస్తోంది. వెనక చీకట్లో యోసేపు కొయ్య చెక్కుతున్నాడు. పైనుంచి దిగుతున్న చిన్న దేవదూతలను తీసేస్తే, అది ఏ వడ్రంగి ఇల్లైనా కావచ్చు. నా మటుకు నాకు హోల్బైన్ కంటే ఇదే ఎక్కువ ఇష్టం.

ఈ చిత్రాల అసలు ప్రతులు జర్మనీలో, రష్యాలో ఉన్నాయి. పుస్తకంలోని చిన్న అచ్చుతోనే సరిపెట్టుకోనక్కరలేదు. ఎల్లారెడ్డి మీదుగా మెదక్ వెళ్లండి. పోస్నెట్ అనే మిషనరీ కట్టించిన కేథడ్రల్‌ను 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. అందులోని రంగుటద్దాల కిటికీలపై క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం ఉన్నాయి. వీటి రూపకర్తగా చెప్పే ఫ్రాంక్ సాలిస్‌బరీ 20వ శతాబ్దపు ఆంగ్ల చిత్రకారుడు, ఓల్డ్ మాస్టర్ కాడు. కానీ విషయం ఆ పాత సంప్రదాయానిదే. పగటిపూటే వెళ్లండి. బయటి వెలుగు లోపలికి వస్తేనే ఆ రంగులు పలుకుతాయి. జననం కిటికీ ముందు కాసేపు నిలబడి, తల్లి చూపు ఎటువైపు ఉందో నోటుపుస్తకంలో రాసుకోండి. వచ్చే తరగతిలో రెంబ్రాంట్ మరియతో పోల్చి చూద్దాం.