వార్తల్లో పదం: స్విచ్చబుల్ పాలిమరైజేషన్

చిన్న అణువులు ఒకదాని వెంట ఒకటి చేరి పొడవాటి గొలుసైతే అదే పాలిమర్. ప్లాస్టిక్ బకెట్ నుంచి కాంటాక్ట్ లెన్స్ దాకా అన్నీ ఈ గొలుసులే. మామూలు పద్ధతిలో ఒకసారి మొదలయ్యాక గొలుసుకు పగ్గాలుండవు. ఒకటి పొట్టి, ఇంకొకటి పొడుగు. ఆ పెరుగుదలను కావలసినప్పుడు ఆపి, మళ్లీ కదిలించడమే స్విచ్చబుల్ పాలిమరైజేషన్.

1995లో జపాన్‌లో మిత్సువో సవమోటో, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో క్రిస్టోఫ్ మాటిజాషెవ్‌స్కీ ఎవరికి వారే దీనికి బాట వేశారు. మాటిజాషెవ్‌స్కీ పద్ధతిలో గొలుసు కొసన క్లోరిన్ లేదా బ్రోమిన్ పరమాణువు మూతలా ఉంటుంది. రాగి ఉత్ప్రేరకం మూత తీస్తే కొస మేల్కొని కొన్ని అణువులను చేర్చుకుంటుంది. మూత పడగానే నిద్రపోతుంది. ఏ క్షణంలో చూసినా ఎక్కువ గొలుసులు నిద్రలోనే ఉంటాయి, అందుకే అన్నీ దాదాపు ఒకే పొడవుకు వస్తాయి. ఎంత అందమైన ఆలోచన!

మూత తీసినప్పుడు రాగి ఒక ఎలక్ట్రాన్ కోల్పోతుంది. తిరిగి ఇస్తే మళ్లీ పనికొస్తుంది. 2011లో మాటిజాషెవ్‌స్కీ బృందం ఆ ఎలక్ట్రాన్‌ను కరెంటుతో అందించింది. వోల్టేజి మారిస్తే గొలుసు ఆగింది, తిరిగి మారిస్తే పెరిగింది. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో క్రెయిగ్ హాకర్ బృందం ఇరిడియం ఉత్ప్రేరకంతో వెలుతురు చేతే ఆ పని చేయించింది. దీపం ఆర్పితే ఎదుగుదల ఆగుతుంది.