వీధి చివర బారు – విశ్వాసి సాక్ష్యం

శనివారం అర్ధరాత్రి దాటినా కేకలు ఆగవు. ఆదివారం ఆరాధనకు బయలుదేరిన కుటుంబం గుమ్మం ముందు పగిలిన సీసా పెంకులు ఏరుకోవలసి వస్తుంది. పసిపిల్లలకు నిద్ర ఉండదు, ఆడపిల్లలకు ఆ దారిన నడవాలంటే భయం. ఇటువంటి బారు పక్కన కాపురముండే విశ్వాసి ఏమి చేయాలి? "ప్రార్థన చేద్దాం" అంటాము. మంచిదే. అయితే ప్రార్థనలో జోడించిన చేతులతోనే ఒక అర్జీ కూడా రాయాలని మేము మనవి చేస్తున్నాము.

మన తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన ఇంగ్లండులో ఇందుకొక మార్గముంది. అక్కడ మద్యం అమ్మకానికి లైసెన్సు ఇచ్చేది స్థానిక కౌన్సిల్, అంటే మన మునిసిపాలిటీ వంటిది. 2003 నాటి లైసెన్సింగ్ చట్టం ప్రకారం ఒక బారు వలన బాధ కలిగితే, పోలీసులే కాదు, మామూలు మనిషి కూడా ఆ లైసెన్సును తిరిగి పరిశీలించమని కౌన్సిల్‌ను అడగవచ్చు. అందుకు రుసుము లేదు.

ఫిర్యాదు నాలుగు విషయాలలో ఒకదానికైనా చెందాలి: నేరాలూ అల్లర్లూ, ప్రజల భద్రత, ఇరుగుపొరుగువారికి కలిగే ఇబ్బంది, పిల్లలకు హాని. అర్జీ అందాక బారు దగ్గర నోటీసు అంటిస్తారు. 28 రోజుల లోపల ఎవరైనా అనుకూలంగా గాని, వ్యతిరేకంగా గాని రాసి ఇవ్వవచ్చు. ఆ తరువాత సాధారణంగా ముగ్గురు కౌన్సిలర్లు కూర్చుని ఇరుపక్షాల మాటా వింటారు. వారు అమ్మకపు వేళలు తగ్గించవచ్చు, కొత్త షరతులు పెట్టవచ్చు, మూడు నెలల వరకు లైసెన్సు నిలిపివేయవచ్చు, రద్దు కూడా చేయవచ్చు. ఏ చర్యా అవసరం లేదని తేల్చనూ వచ్చు. ఆ నిర్ణయం నచ్చనివారు 21 రోజులలో మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్ళవచ్చు.

చూసినదే చెప్పాలి

ఈ పద్ధతిలో మనం నేర్చుకోదగినది ఒకటుంది. "తాగుడు పాపం, కాబట్టి మూయించండి" అని రాస్తే అక్కడ చెల్లదు. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏమి చూశారో, ఏమి విన్నారో రాస్తేనే ఆ మాటకు బరువు. రాసినవారి పేరు సాధారణంగా బారు యజమానికీ తెలుస్తుంది. చాటున నిలబడి రాయి వేయడానికి వీలు లేదు.

పది ఆజ్ఞలలో తొమ్మిదవది పొరుగువానిపై అబద్ధ సాక్ష్యాన్ని నిషేధిస్తుంది. బారు యజమాని కూడా మన పొరుగువాడే. అక్కడ గ్లాసులు కడిగే కుర్రవాడికీ ఒక ఇల్లుంది. జరిగినదానికి ఒక్క మాట కలిపినా మన సాక్ష్యం చెడుతుంది. భయపడి మౌనంగా ఉంటే నిద్రలేని పసిబిడ్డకు అన్యాయం చేసినవారమవుతాము.

మన గడ్డమీద ఈ ధైర్యం చూపినది చదువుకున్న పెద్దలు కారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వెళ్ళిన పేద స్త్రీలు 1992లో సారా అంగడికి ఎదురు నిలిచారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధం సడలిపోయినా, వారి సాక్ష్యం మాసిపోలేదు.

అర్జీతో ఆగరాదు

2003లో రెవరెండ్ లెస్ ఐజాక్ లండనులో "స్ట్రీట్ పాస్టర్స్" పరిచర్యను ఆరంభించారు. సంఘ సభ్యులు వారాంతపు రాత్రులు బార్లున్న వీధుల్లో తిరుగుతారు. తూలిపోతున్నవారికి మంచినీళ్ళిస్తారు. ఎత్తుమడమల జోళ్ళు విప్పి వట్టి కాళ్ళతో నడిచే అమ్మాయిలకు గాజుపెంకులు గుచ్చుకోకుండా హవాయి చెప్పులిస్తారు. తీర్పు తీర్చరు, మాట వింటారు.

ప్రియ పాఠకులారా, మన రాష్ట్రాలలో బారు లైసెన్సు ఇచ్చేది ఎక్సైజు శాఖ. మీ వీధిలో బాధ ఉంటే ఒక నోటుపుస్తకం తెరవండి. చూసినది చూసినట్టు తేదీ వేసి రాయండి. ఇరుగుపొరుగువారితో, వారు ఏ మతస్థులైనా సరే, కలిసి సంతకాలు చేసి అధికారులకివ్వండి. ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో బారులో కూర్చున్నవారిని, దాని యజమానిని కూడా పేరు పెట్టి దేవుని సన్నిధిలో జ్ఞాపకం చేసుకోండి.