చలికాలంలో మన ఇంటి మూగజీవాలు



చలికాలం వచ్చిందంటే దగ్గు, ఆయాసం, కీళ్ల నొప్పుల గురించే ఎక్కువగా మాట్లాడుకుంటాము. ఈసారి మన గడపలో ముడుచుకుని పడుకునే కుక్క గురించి, పొయ్యి దగ్గర చేరే పిల్లి గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ఆసుపత్రి పత్రికలో ఈ విషయం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. చలికి జంతువులు మనుషులకు దగ్గరగా వస్తాయి, పిల్లల పక్కలోకి చేరతాయి. అందుచేత వాటి క్షేమం, మన ఇంటి ఆరోగ్యం ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. రెండవ సమూయేలు గ్రంథం 12వ అధ్యాయంలో నాతాను ప్రవక్త చెప్పిన పేదవాని గొర్రెపిల్ల కూడా ఇంట్లో బిడ్డలాగే పెరిగింది కదా!

నేల చలి

నంద్యాలలో చలి ఏపాటిదిలే అనుకోవద్దు. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండకు అలవాటుపడిన జంతువులకు డిసెంబరు, జనవరి రాత్రులు కష్టమే. ఆళ్లగడ్డ నుండి అహోబిలం వైపు, నల్లమల అంచు పల్లెల్లో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. పైగా మన ఇళ్లలో చాలావరకు బేతంచెర్ల బండలే. వేసవిలో హాయినిచ్చే ఆ బండలే చలికాలపు రాత్రి ఒంట్లోని వేడిని లాగేస్తాయి.

జంతువుకు కావలసింది మూడే: పొడి పడక, గాలి తగలని మూల, కడుపునిండా తిండి. మందంగా వరిగడ్డి పరచి, పైన గోనెసంచి వేస్తే చాలు. అట్టపెట్టె అయినా సరే, గాలి వచ్చే వైపు కాకుండా ఇంకో వైపుకు తిప్పి పెట్టండి. తడిసిన సంచిని వెంటనే మార్చి ఎండలో వేయండి. ముసలి కుక్కలకు, బక్కచిక్కిన వాటికి ఈ కాలంలో ఒక ముద్ద ఎక్కువ పెట్టండి. స్నానం మధ్యాహ్నం ఎండలోనే చేయించి, పొడిగుడ్డతో బాగా తుడవండి. ఇంజను వెచ్చదనానికి పిల్లులు బండ్ల కింద, లోపల దూరుతాయి. ఉదయం కారు, ఆటో తీసేముందు ఒకసారి తట్టి చూడండి.

కుక్కపిల్లలు

వీధి కుక్కలు ఎక్కువగా చలికాలంలోనే పిల్లలు పెడతాయి. పుట్టిన మొదటి వారంలో కుక్కపిల్లకు వణకడం కూడా చేతకాదు. తల్లి ఒడి, తోబుట్టువుల వెచ్చదనమే దానికి ఆధారం. కాబట్టి ముద్దుగా ఉందని పిల్లలు దానిని తల్లి నుండి వేరుచేసి తేకుండా చూడండి. తల్లి కుక్క కరిచే ప్రమాదం కూడా ఉంది.

తల్లిలేని పిల్ల చల్లబడి కనిపిస్తే వెంటనే పాలు పోయకండి. ఇది చాలామందికి తెలియదు. ఒళ్లు చల్లబడినప్పుడు దానికి పాలు అరగవు, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. ముందు మెల్లగా వెచ్చబరచాలి. సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి, టవలు చుట్టి పక్కన పెట్టండి. వేడెక్కితే పక్కకు జరగడానికి చోటు ఉంచండి. ఒళ్లు వెచ్చబడిన తరువాతే పాలు.

కుంపటి వద్దు

తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవడం ప్రాణాంతకం. దాని నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి, మత్తు వస్తాయి. నిద్రలో ఉన్నవారికి అవి తెలియవు. ఆ వాయువు మనిషినీ వదలదు, జంతువునూ వదలదు. అంతేకాదు, పిల్లి తోక తగిలి కుంపటి దొర్లినా, కోడిపిల్లల గంప మీది బల్బు గడ్డికి తగిలినా ఇల్లు అంటుకుంటుంది.

మన మందులు వద్దు

కుక్క ఒళ్లు మామూలుగానే 101 నుండి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. మన చేతికి వేడిగా తగిలినంత మాత్రాన జ్వరం కాదు. పారాసిటమాల్ ఒక్క బిళ్ల పిల్లి ప్రాణం తీయగలదు. మన నొప్పి మాత్రలు కుక్కలకు కూడా ప్రమాదమే. ట్రంకు పెట్టెలోని స్వెట్టర్లు తీసేటప్పుడు నాఫ్తలిన్ ఉండలు కింద పడనివ్వకండి, అవి విషం. క్రిస్మస్ కేకులోని ఎండుద్రాక్ష, చాక్లెట్ కుక్కలకు పడవు. ఉడికిన కోడి ఎముకలు ముక్కలై గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి.

కరిచినా, గీరినా

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. రేబిస్ లక్షణాలు కనిపించిన తరువాత మనిషిని బ్రతికించడం దాదాపు అసాధ్యం. కానీ సమయానికి జాగ్రత్త తీసుకుంటే పూర్తిగా నివారించవచ్చు. చిన్న కుక్కపిల్ల పన్ను తగిలినా నిర్లక్ష్యం వద్దు.

గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి పెట్టకూడదు. అదే రోజు ఆసుపత్రికి రావాలి. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయవలసి ఉంటుంది. బొడ్డు చుట్టూ సూదులు వేసే పాత టీకా తయారీ మన దేశంలో 2004తో ఆగిపోయింది, కాబట్టి భయపడనవసరం లేదు. ఇప్పుడు చేతికే వేస్తారు. మొదటి రోజు, 3వ, 7వ, 28వ రోజు తప్పక రావాలి. కండకు వేసే పద్ధతిలో 14వ రోజు కూడా ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ టీకా ఉచితం. నొప్పి తగ్గిందని మధ్యలో మానకండి.

మీ కుక్కకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, తరువాత పశువైద్యులు చెప్పిన ప్రకారం ఏటా కొనసాగించండి. లూయీ పాశ్చర్ ఒక బాలునికి మొదటి రేబిస్ టీకా వేయించింది 1885 జూలై 6న. ఆ రోజు జ్ఞాపకంగా ఏటా జూలై 6న మన పశువుల ఆసుపత్రులలో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. అయితే చలికాలంలో పుట్టిన పిల్లకు జూలై వరకు ఆగవద్దు. మార్చి, ఏప్రిల్ నాటికే వేయించాలి.

ఒక గోనెసంచి, గుప్పెడు గడ్డి, ఒక టీకా. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు. నోరులేని జీవిని కాపాడుకుంటే దాని పక్కన ఆడుకునే మన బిడ్డలు కూడా క్షేమంగా ఉంటారు. ఈ చలికాలంలో దేవుడు మీ ఇంటిని, మీ ఇంటి మూగజీవాలను కాపాడును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్